పెట్టెలో ఎవరూ కాపురముండరు

పొద్దున ఏడు గంటలకు పోస్టాఫీసు షట్టర్ మీద ఎవరో కర్రతో కొట్టారు. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. ఎవరో ఓర్లీనాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ తమ్ముడు ఆర్లిస్ తలుపు కొట్టే తీరే అది.

ఓర్లీనా వెనకగదిలో కాఫీ కప్పు పట్టుకుని కూర్చుని ఉంది. కిటికీ తెర ఒక వేలుతో పక్కకి జరిపి చూసింది. పసుపుపచ్చ వానకోటు, నీళ్ళు కారుతున్న టోపీ, చేతికర్ర. ఆరు రోజులుగా పడుతున్న వానలో, మోకాలు చితికిన మనిషి, కొండమీద తన ఇంటి నుంచి రెండు మైళ్ళు నడిచి వచ్చాడు. ఎందుకొచ్చాడో అని ఏ అక్కకైనా ఉండాలి. ఓర్లీనాకూ ఉంది. కాని ఆవిడకి ప్రాణం కంటే పంతం ఎక్కువని ఆ లోయలో పసిపిల్లలకి కూడా తెలుసు.

"ఓర్లీ!" అని పిలిచాడు. ఆమెను ఆ పేరుతో పిలిచే మనిషి భూమ్మీద అతనొక్కడే. తొమ్మిదేళ్ళుగా పిలవలేదు. తర్వాత ఇంకేదో అరిచాడు గాని, రేకు మీద వాన చప్పుడులో వినపడలేదు. ఓర్లీనా లేచి రేడియో గొంతు పెంచింది. 'ఎనిమిదింటికి తెరుస్తాం, బోర్డు మీద రాసే ఉంది' అనుకుంది.

కాసేపటికి ఉత్తరాల కంతలోంచి ఒక మడత కాగితం లోపలికి పడింది. అతను కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. ఓర్లీనా కాగితం తీసి చూసింది. పైన 'పోస్టుమాస్టరు, క్విల్లెన్' అని రాసి ఉంది. స్టాంపు లేదు. స్టాంపు లేని ఉత్తరాలు వేసే రేకు పళ్ళెంలో దాన్ని పడేసి, రూలు రూలే అనుకుంది. విప్పి చదవలేదు.

ఆమెకు ఆ తమ్ముడంటే ఎందుకంత మంట అంటే, ఒక తపాలా డబ్బా వల్ల.

క్విల్లెన్ కెంటకీ కొండల్లో ఒక సన్నని లోయ. మధ్యలో ఏరు, ఏటి పక్కన రోడ్డు, అటూ ఇటూ ఇళ్ళు. లోయ మొదట్లో ఏటి ఒడ్డునే పోస్టాఫీసు. ఆఫీసు గోడలో ఇత్తడి తలుపుల పెట్టెలుంటాయి, ఇంటికొకటి. ఉత్తరాలు ఎవరి గుమ్మానికీ రావు. సంచి వచ్చి, పెట్టెల్లో సర్దడం అయ్యాక ఓర్లీనా గుమ్మం పక్క గుంజకి నీలిజెండా ఎగరేస్తుంది. జెండా చూసి జనం దిగివస్తారు. అమ్మ పెట్టె కూతురికీ, తాత పెట్టె మనవడికీ వస్తుంది. ఉత్తరాల మీద రాసే ఆ ఊరి జిప్ కోడు ఐదంకెలూ మగవాళ్ళు కొందరు చేతిమీద పచ్చబొట్టు పొడిపించుకున్నారు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

తొమ్మిదేళ్ళ కిందట తపాలా శాఖ వాళ్ళు ఒక కాగితం పంపారు. కావాలన్నవాళ్ళు రోడ్డు పక్కన రేకు డబ్బా పాతుకుంటే, కొండకి అవతలున్న ప్రూయిట్ ఊరి నుంచి బండి వచ్చి గుమ్మం ముందే ఉత్తరాలిస్తుంది. చిరునామాలో ప్రూయిట్ కోడు రాసుకోవాలి. అంతేనని పైకి రాశారు. ఓర్లీనాకి లోపలిది అర్థమైంది. పెట్టెలు ఖాళీ అయితే ఆఫీసు మూసేస్తారు. ఆఫీసు పోతే కోడు పోతుంది. కోడు పోతే ఊరి పేరు పలికేవాడుండడు. ఇల్లిల్లూ తిరిగింది. "రోడ్డు పక్కన డబ్బా పాతితే క్విల్లెన్‌ని పాతిపెట్టినట్టే" అని అందరిచేతా చర్చిలో ఒట్టు వేయించింది. ముప్పై ఒక్క కుటుంబం ఒట్టుకి కట్టుబడింది. లోయ తలదగ్గరున్న నాలుగిళ్ళ వాళ్ళు మాత్రం డబ్బాలు పాతారు. అందులో ఒకడు ఆర్లిస్.

అతని మోకాలు గనిలో నలిగింది. రోజూ రెండు మైళ్ళు దిగి ఎక్కడం అతనివల్ల కాదు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసింది అక్కకే. అయినా చర్చి విందులో, చిక్కుడుగింజల పులుసు గరిటె చేతిలో పట్టుకుని, అందరి ముందూ అనేసింది: "ప్రూయిట్ వాడివైపోయావుగా, చచ్చాక కూడా ప్రూయిట్‌లోనే లెక్క రాయించుకో!" అతను తినకుండానే పళ్ళెం పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. మాట్లాడుకోవడం ఆ రోజుతో సరి.

ఇంకో సంగతి ఉంది. అది ఓర్లీనా ఎవరికీ చెప్పలేదు.

జనాభా లెక్కల ఏడాది ఆమె ఇళ్ళు రాసే పనికి కుదిరింది. జిల్లా పట్నంలో రెండు రోజుల తర్ఫీదు ఇచ్చారు. నేర్పిన పిల్ల రంగురంగుల పటం గోడకి తగిలించి, పట్టికలకి ప్రాంతాలు ఎలా గీస్తారో చెప్పింది. దేశాన్నంతా చిన్న చిన్న ముక్కలు చేస్తారు. ఏరొక హద్దు, రోడ్డొక హద్దు. ఒక్కో ముక్కలో గుమ్మానికి ఉత్తరాలు వచ్చే ఇళ్ళు చూసి, వాటిలో ఏ కోడు ఎక్కువుంటే ముక్క మొత్తానికీ ఆ కోడు తగిలిస్తారు. ఇళ్ళే లేని ముక్కల్ని పక్కదానికి అతికిస్తారు. ఒకే కోడు తగిలిన ముక్కలన్నీ కలిపి కుడితే అది ఒక ప్రాంతం.

ఓర్లీనా చెయ్యెత్తింది. "మా లోయలో ముప్పై ఒక్క ఇంటికి పెట్టెలమ్మా. నలుగురికే గుమ్మానికొస్తాయి, ప్రూయిట్ నుంచి."

"అయితే ఆ నలుగురిదే లెక్కండీ. లోయంతా ప్రూయిట్ ప్రాంతం కిందికి వస్తుంది."

"ముప్పై ఒకటి కంటే నాలుగెక్కువా?"

"అది ముప్పై ఒకటి కాదండీ, సున్నా. పెట్టెలో ఎవరూ కాపురముండరు కదా!" అని నవ్వింది ఆ పిల్ల. ఓర్లీనా మొహం చూసి, "ఇది పట్టికల కోసమేనండీ. తపాలావాళ్ళ కోడు వేరు, మా ప్రాంతం వేరు. రెంటికీ అంకె ఒకటే అయినంత మాత్రాన రెండూ ఒకటి కావు. మీ ఉత్తరాలకేం ఢోకా లేదు" అని కూడా చెప్పింది.

అంటే కోడు నిలబెట్టాలని తను వేయించిన ఒట్టే, పటం మీద ఆ కోడుకి చోటు లేకుండా చేసింది. ఓర్లీనా ఆ రాత్రి మింగలేక కక్కలేక పడుకుంది. ఇంటికొచ్చి నోరు విప్పలేదు. విప్పితే తమ్ముడు గెలిచినట్టే కదా!

ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. మెల్లగా ఆ సంగతి మరుగున పడింది. మళ్ళీ నిరుడు ఆకులు రాలే కాలంలో అది పైకి లేచింది.

లోయ తలమీద, నాలుగిళ్ళకి ఇంకా పైన, బొగ్గు కడిగిన బురదనీళ్ళకి కంపెనీవాళ్ళు కట్టిన కట్ట ఉంది. జనం నల్లకట్ట అంటారు. కంపెనీ మనిషి ఒకడు చర్చి హాల్లో మీటింగు పెట్టి, తలా ఒక డోనటిచ్చి, పటం చూపించాడు. కట్టకి ఏదైనా అయితే ఈ రంగు వేసిన ప్రాంతంలో ప్రతి ఫోనూ మోగుతుంది, ఆ కోడున్న ఇళ్ళ నంబర్లన్నీ మా మిషన్లో ఎక్కించాం, ఫోను రాగానే చర్చి కొండ ఎక్కెయ్యండి, ఫోను రాకపోతే హాయిగా ఇంట్లో ఉండండి అన్నాడు. క్విల్లెన్ మీద ఉన్న అంకె ప్రూయిట్‌ది. ఆ గదిలో అది గమనించిన మనిషి ఓర్లీనా ఒక్కర్తే. మిషన్లో ఎక్కినవి ప్రూయిట్ కోడు రాసుకునే వాళ్ళ నంబర్లు. కొండకి అవతల, చుక్క నీరు కూడా చేరని చోట ఉన్నవాళ్ళవి. లేచి అడగబోయింది. ముందు వరసలో ఆర్లిస్ కూర్చుని ఉన్నాడు. ఆమె నోరు మూసుకుంది. అంత పెద్ద కంపెనీ, వాళ్ళకి ఆ మాత్రం తెలియదా అని తనకి తాను సర్దిచెప్పుకుంది.

ఇదీ ఆవిడ చేసిన పని.

ఇప్పుడు ఆరోరోజు వాన. ఎనిమిదింటికి ఆఫీసు తెరిచేసరికి ఏరు రోడ్డు అంచు నాకుతోంది. నీళ్ళు మామూలుగా మట్టిరంగులో ఉంటాయి, అవాళ నల్లగా ఉన్నాయి. ఓర్లీనా ఆ రంగు చూడనట్టు మొహం తిప్పుకుంది. ఎనిమిదిన్నరకి డెల్ఫా అవ్వ ఫోను చేసింది. ఎనభయ్యారేళ్ళ మనిషి, ఒకటో నంబరు పెట్టె ఆవిడది. తపాలాలో కోడిపిల్లల్ని తెప్పించుకుంటోంది.

"జెండా ఎగరెయ్యలేదేమే? నా కోడిపిల్లలొచ్చాయా?"

"ఇంకా సంచే రాలేదవ్వా. నీకు... కంపెనీ ఫోనేమైనా వచ్చిందా?"

"రాలేదు. రాలేదంటే కట్ట బాగున్నట్టే కదా? అంతే చెప్పాడుగా ఆ డోనట్ల అబ్బాయి!"

ఓర్లీనా ఫోను పెట్టేసింది.

తొమ్మిదిన్నరకి ప్రూయిట్ నుంచి సంచుల బండి వచ్చింది. బండి తోలే వర్జిల్ యాభై దాటిన మనిషి, ఏ సంగతైనా వెటకారంగా తప్ప చెప్పలేడు. ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో కిచకిచమంటున్న అట్టపెట్టె పట్టుకుని లోపలికొచ్చాడు.

"ఇదిగో ఓర్లీనక్కా, డెల్ఫా అవ్వ సంతానం. దారంతా నా చెవులు తినేశాయి. అన్నట్టు మా ప్రూయిట్ మొత్తం బడి హాల్లో మంచాలేసుకుని కూర్చుంది తెలుసా? పొద్దున్నే ఐదూ నలభైకి ఇంటింటా ఫోన్లు. నల్లకట్టకి నీళ్ళు కారుతున్నాయి, ఇళ్ళొదిలి పొండని! కట్టేమో మీ నెత్తిన, పరుగులేమో మావి. మా అత్తగారు కుక్కని కూడా చంకనేసుకొచ్చింది." ఒక్కడే నవ్వుతున్నాడని గమనించి ఆగాడు. "మీరెప్పుడు కదులుతున్నారు మరి? దార్లో పొగ గొట్టాలన్నీ పొగలు కక్కుతున్నాయి, అందరూ ఇళ్ళలోనే ఉన్నట్టున్నారే?"

ఓర్లీనా గోడకి అంటించి ఉన్న కంపెనీ నంబరు తిప్పింది. అటు నుంచి ఒక అమ్మాయి తీయగా పలికింది.

"మీ జిప్ కోడు చెప్పండి మేడం."

చెప్పింది.

"ఆ కోడుతో ప్రాంతమేదీ లేదు మేడం."

"నేను ఆ ప్రాంతంలో నిలబడే మాట్లాడుతున్నానమ్మా! కట్ట మా నెత్తిమీద ఉంది!"

"క్షమించండి, నా పట్టికలో రావడం లేదు. ఇంకోసారి చూసి చెప్పండి."

ఓర్లీనా కళ్ళు మూసుకుని ప్రూయిట్ కోడు చెప్పింది. తొమ్మిదేళ్ళలో ఆ అంకె ఆమె నోటి నుంచి రావడం అదే మొదలు.

"ఆ, ఉంది మేడం. ఐదూ నలభైకి తక్షణం ఖాళీ చెయ్యమని చెప్పాం. ఫోన్లన్నీ అందాయి. అందరూ వెళ్ళిపోయినట్టే మా దగ్గరుంది. మీరింకా అక్కడే ఉన్నారా?"

ఓర్లీనా ఫోను పెట్టేసి తలెత్తింది. గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది. కట్ట నాలుగు గంటలుగా కారుతోందన్న మాట.

వర్జిల్ మొహంలో వెటకారం పోయింది. "అక్కా, బండెక్కు. పోదాం పద."

"ముప్పై ఇళ్ళురా! వాళ్ళెవరికీ తెలియదు."

"బండేసుకుని హారన్ కొట్టుకుంటూ పోనా?"

"రెండో వంతెన మీద నీళ్ళు పారుతున్నాయి. అటువైపు ఇరవై ఇళ్ళున్నాయి, నీ బండి పోదు. ఒక్కొక్కరికీ ఫోను చేసి నమ్మించేసరికి..." చెబుతూనే గుమ్మం పక్క గుంజ దగ్గరికి వెళ్ళింది. చెయ్యి దానంతటదే జెండా తాడు పట్టుకుంది. ఈ జెండా ఒక్కటి లేస్తే చాలు, లోయంతా కదులుతుంది. ఏ ఫోనూ, ఏ సైరనూ చెయ్యలేని పని అది చేస్తుంది. తాడు సగం లాగింది. అక్కడే ఆగింది. జెండా చూసి జనం ఎటొస్తారు? కిందికి. ఏటి ఒడ్డుకి. పిల్లాపాపలతో నేరుగా నల్లనీళ్ళ దారిలోకి!

తాడు వదిలేసింది. తర్వాత జెండా పీకి చంకన పెట్టుకుంది. బల్లమీద ఉన్నదంతా, సంచి, రేకు పళ్ళెం, ముద్ర, అన్నీ తపాలా గోనెలోకి ఊడ్చింది. "చర్చి కొండకి తోలు" అంది.

"ఉత్తరాలెందుకే తల్లీ ఇప్పుడు?"

"ప్రాణం కోసం కొండెక్కమంటే నా మాట నమ్మరు, ఫోను రాలేదుగా అంటారు. ఉత్తరాల కోసమైతే తిట్టుకుంటూ అయినా ఎక్కుతారు. నా జనం నాకు తెలుసు."

చర్చి కొండమీద సమాధుల మధ్య ఒక జెండాకర్ర ఉంది. లోయలో ఏ ఇంటి గుమ్మంలో నిలబడ్డా అది కనిపిస్తుంది. వానలో వేళ్ళు జారుతుంటే ఓర్లీనా ఆ కర్రకి నీలిజెండా ఎక్కించింది. వర్జిల్ డెల్ఫా అవ్వని ఎక్కించుకు రావడానికి వెనక్కి దూకించాడు బండిని.

ఐదు నిమిషాలు ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆ ఐదు నిమిషాల్లో ఓర్లీనా దేవుడికి ఎన్నిసార్లు మొక్కిందో లెక్కలేదు. తర్వాత ఒక ఇంట్లోంచి గొడుగొకటి బయటికొచ్చింది. దాని వెనక ఇంకోటి. రెండో వంతెన అవతలి వాళ్ళు రోడ్డు వదిలి, గట్టు వెంట చెట్ల మధ్యనుంచి ఎక్కుతున్నారు. ఎక్కుతూనే తిడుతున్నారు.

"ముసల్దానికి మతి పోయిందా? సమాధుల్లో పోస్టాఫీసేమిటి?"

"అత్తా, నా మందులొచ్చాయా? రాకపోతే మాత్రం నిన్నిక్కడే పాతేస్తా!"

డెల్ఫా అవ్వ బండి దిగుతూనే నిప్పులు చెరిగింది. "నా ఒకటో నంబరు పెట్టె కింద గోడలో ఉందే! ఇక్కడేముంది నాకు, మా ఆయన సమాధి తప్ప!" కోడిపిల్లల పెట్టె ఒళ్ళో పెట్టాక గాని ఆవిడ నోరు మూతపడలేదు.

ఓర్లీనా లెక్కపెడుతోంది. మనుషుల్ని కాదు, పెట్టెల్ని. ఒకటి, నాలుగు, ఏడు, పన్నెండు. పెట్టె నంబరు తల్చుకుంటే అందులో ఎవరున్నారో, ఎవరికి ఆయాసం, ఎవరికి చంటిపిల్ల, అన్నీ ఆవిడకి తెలుసు. పెట్టెలో ఎవరూ కాపురముండరన్న ఆ పిల్ల వచ్చి చూడాలి. ముప్పై. తనతో ముప్పై ఒకటి. అందరూ ఎక్కారు. అప్పుడు చెప్పింది, కట్ట సంగతి, ప్రూయిట్ ఫోన్ల సంగతి. మీటింగులో తను చూసిన అంకె సంగతి కూడా దాచకుండా చెప్పింది.

హోయ్ట్ అనే గని కూలీ, రెండో వంతెన అవతలి పై ఇళ్ళవాడు, టోపీ తీసి చేత్తో నలిపాడు. "అయితే ఆర్లిస్ చెప్పింది నిజమేనన్న మాట. పొద్దున ఆరింటి నుంచీ ఇల్లిల్లూ తలుపులు బాదాడత్తా. తనకి ఫోనొచ్చిందట, కొండెక్కండి అన్నాడు. నీకొచ్చి మాకు రాకపోవడమేమిట్రా, ప్రూయిట్‌కి నువ్వు ముద్దుబిడ్డవా అని నవ్వి తలుపేసుకున్నాం. మళ్ళీ తొమ్మిదింటికి కూడా వచ్చాడు. అప్పుడూ నవ్వాం."

డబ్బా ఉన్నవాళ్ళ నంబర్లు మిషన్లో ఉన్నాయి. ఓర్లీనాకి అది అప్పుడు తట్టింది. "మిగతా మూడు డబ్బాలవాళ్ళనీ బడి దగ్గర చూశాను. ఆర్లిస్‌ని చూడలేదు" అన్నాడు వర్జిల్.

ఓర్లీనా గోనెలో చెయ్యి పెట్టి తడిమింది. రేకు పళ్ళెం అడుగున ఆ మడత కాగితం దొరికింది. విప్పింది.

'ఓర్లీ, నాకు ఫోనొచ్చింది. కట్ట కారుతోందట. నీకొచ్చిందో లేదో. నా మాట ఎవరూ వినరు, నువ్వు చెబితే వింటారు. అందరినీ చర్చి కొండ ఎక్కించు. పైవాళ్ళకి నేను ఇంకోసారి చెప్పి చూస్తాను. తర్వాత వచ్చి నిన్ను తీసుకెళ్తా. నేను వచ్చేదాకా మొండికెయ్యకు.'

చదివి తలెత్తింది. లోయంతా వాన పొగలా కమ్ముకుని ఉంది. ఏటి పక్క రోడ్డుమీద, మోకాలి లోతు నల్లనీళ్ళలో, పసుపుపచ్చ వానకోటు ఒకటి కిందికి కుంటుతోంది.

లోయలో అందరూ తల తిప్పగానే జెండా వైపు చూస్తారు. ఆర్లిస్ చూడడు. తొమ్మిదేళ్ళుగా ఆ జెండాతో అతనికి పనిలేదు. పోస్టాఫీసు గుంజకి జెండా ఉందా లేదా అని కూడా చూడలేదు. నేరుగా షట్టర్ దగ్గరికి వెళ్ళాడు. కర్ర ఎత్తాడు. ఇంత దూరం నుంచి చప్పుడు వినపడదు. కాని ఓర్లీనాకి తెలుసు. రెండు దెబ్బలు, ఆగి ఇంకొకటి.

"ఆర్లిస్!" అని కేకపెట్టింది. ఏటి హోరు ఆ కేకని మింగేసింది. సమాధుల మధ్యనుంచి కిందికి పరుగెత్తింది. డెబ్బయ్యేళ్ళ మనిషి, తడిసిన గడ్డిమీద రెండుసార్లు పడి లేచింది. "నేనిక్కడున్నారా! లోపల ఎవరూ లేరు! పైకి చూడరా!" హోయ్ట్, వర్జిల్ వెనకే పరుగెత్తారు. ఎవరో చర్చి గంట పట్టుకుని ఊపారు.

సగం కొండ దిగేసరికి అతను గంట విని తలెత్తాడు. చూశాడు. జెండాని, గుంపుని, దిగుతున్న అక్కని. అతని మొహం ఆమెకి స్పష్టంగా కనపడింది. చిన్నప్పుడు దాగుడుమూతల్లో దొరికిపోయినప్పుడు పెట్టే మొహమే. నవ్వాడు. కర్ర ఎత్తి, వెళ్ళు, పైకి వెళ్ళు అని ఊపాడు. తర్వాత కొండవైపు అడుగు వేశాడు.

అప్పుడు లోయ తలనుంచి ఒక చప్పుడు వచ్చింది. ఉరుములాంటిది కాదు. ఉరుము ఆగుతుంది. హోయ్ట్ ఓర్లీనాని నడుం పట్టి వెనక్కి లాగాడు. ఆమె అతని చెయ్యి కొరికింది, గోళ్ళతో గీరింది, అయినా అతను వదల్లేదు. నల్లటి గోడ ఒకటి మలుపు తిరిగింది. అందులో వంతెన, హోయ్ట్ ఇంటి కప్పు, వేళ్ళతో సహా చెట్లు ఉన్నాయి. ఆర్లిస్ కొండకి పది అడుగుల దూరంలో ఉన్నాడు. రెండు కాళ్ళూ బాగున్న మనిషైతే పది అడుగులు ఎంతసేపు!

గోడ దాటిపోయాక పోస్టాఫీసు లేదు. ముప్పై ఒక్క ఇత్తడి తలుపులూ లేవు. రోడ్డు పక్కన ఏమీ లేదు.

మూడోరోజున ఆర్లిస్ దొరికాడు. అతన్ని క్విల్లెన్ చర్చి కొండమీదే, అమ్మానాన్నల పక్కన పాతిపెట్టారు. డెల్ఫా అవ్వ ఆ పక్కనే తన సమాధికని ఉంచుకున్న స్థలం ఇచ్చి, "వాడు ముందెళ్ళాడు, నేను ఎక్కడో సర్దుకుంటాను" అంది. అతను కొడితే తలుపేసుకున్న వాళ్ళే పెట్టెని భుజానికెత్తుకున్నారు. ఓర్లీనా మొహం వాళ్ళు చూడలేదు. వాళ్ళ మొహాలు ఆవిడా చూడలేదు.

నెల గడిచాక చర్చి హాల్లో ఒక బల్ల వేసి పోస్టాఫీసు మళ్ళీ తెరిచారు. వర్జిల్ సంచితో పాటు ఒక పెద్ద కవరు తెచ్చాడు. ప్రమాదం మీద ప్రభుత్వం వేసిన నివేదిక. అతను వెటకారం మానేసి చాలా రోజులైంది. "చివరి పేజీ చూడకక్కా" అన్నాడు.

ఓర్లీనా చివరి పేజీయే తీసింది. ప్రాంతాలవారీగా మృతుల పట్టిక. పై నుంచి కిందికి వేలు పెట్టి చూసింది. క్విల్లెన్ కోడు ఏ వరసలోనూ లేదు. ప్రూయిట్ కోడు ఉంది. దాని ఎదురుగా, మృతులు: 1.

పులుసు గరిటె చేతిలో పట్టుకుని తను అన్న మాట అక్షరం పొల్లుపోకుండా అక్కడ అచ్చయి ఉంది. ఓర్లీనా నివేదిక మూసింది. ఏడవలేదు. ఏడుపు వస్తే బాగుండేది.

తర్వాత సొరుగులోంచి ఆ మడత కాగితం తీసింది. బురద మరకలు పడి, మడతల దగ్గర చిరుగుతోంది. స్టాంపు ఒకటి నాలికతో తడిపి పైన అంటించింది. గోనెలో బతికిపోయిన ఊరి ముద్రకి సిరా అద్ది, తేదీ చక్రాన్ని వెనక్కి, అతను తలుపు కొట్టిన రోజుకి తిప్పింది.

"అక్కా, తేదీ వెనక్కి వెయ్యడం రూలు కాదుగా?" అన్నాడు వర్జిల్ మెల్లగా.

"కాదు" అంది ఓర్లీనా. ముద్ర గట్టిగా కొట్టింది. క్విల్లెన్ అని గుండ్రంగా పడింది. ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని, జెండా ఎగరెయ్యడానికి బయటికి వెళ్ళింది.